తాళంచెవి నా చేతికివ్వు

జనవరి 12

ఒరే తమ్ముడూ,

నేను బాగానే ఉన్నాను. నీ ఒంట్లో ఎలా ఉందో అడగను. అడక్కపోయినా రెండు పేజీలు రాస్తావు. నేను చెప్తున్నాను, నీ కూతురు రాస్తోంది. దాన్ని తిట్టినవి కూడా పొల్లుపోకుండా రాయమన్నాను. రాశాక చదివించుకుంటాను. నాకు చదువు రాదు గానీ చెవులున్నాయి.

సంగతి కారు గురించి. ఈ వయసులో నీకు కారెందుకక్కా అని నువ్వు నవ్వావు. కట్టెల అడితి కొండ కింద, ఇల్లు కొండ మీద. దుంగలు మోసి మోసి మోకాళ్ళు అరిగిపోయాయి, అందుకు. కొట్టువాడు పెద్ద పెద్ద బండ్లు చూపించాడు. "నేను ఊరేగింపుకి వెళ్ళట్లేదు, తక్కువ తిని ఎక్కువ పనిచేసేది చూపించు" అన్నాను. అప్పుడు తీశాడు మూలనున్న ఈ ఎర్ర చిన్నదాన్ని. వెనక తలుపు పైకెత్తితే రెండు మూటలు పడతాయి. నలుగురు ఎక్కితే ఒకరు ఊపిరి బిగబట్టాలి. లీటరుకి ఇరవై నాలుగు కిలోమీటర్లు ఇస్తుందన్నాడు. ఇవ్వకపోతే ఏం చేస్తావురా అంటే, "ఇస్తుందమ్మా, కాగితం మీద రాసుంది" అన్నాడు. కాగితం మాట వస్తే నేనేం అనగలను? కొన్నాను.

ఇప్పుడు పదహారు కూడా రావట్లేదు. అడితి గుమాస్తా చేత లెక్క కట్టించాను. ఇనుము అబద్ధమాడదు, దానికి నోరు లేదు. నోరున్నది నీ కూతురికే.

"ఏమే, పెట్రోలంతా ఎటు పోతోంది?" అంటే "కొండెక్కేటప్పుడు తాగుతుంది అత్తా" అంటుంది. ఎక్కేటప్పుడు తాగితే దిగేటప్పుడు మిగలాలి కదా? అందుకే నేనొక పద్ధతి పెట్టాను. ఇంటి ముందు వాలు మొదలవగానే గేరు తీసేసి ఇంజను ఆపెయ్యాలి. బండి దానంతటదే అడితి గేటు దాకా జారుతుంది. దుంగని కొండ మీంచి దొర్లిస్తాం, దానికి పెట్రోలు పోస్తామా?

కొన్నాళ్ళు బుద్ధిగానే ఆపింది. ఈ మధ్య మలుపు దగ్గరికి రాగానే దొంగతనంగా తాళం తిప్పుతోంది. ముసలిది కళ్ళు మూసుకుంది కదా అనుకుంటుంది కాబోలు. గుర్రుమని వినపడదూ? ఎందుకు వేశావే అంటే, "ఇంజను ఆగితే రెండు మూడుసార్లు తొక్కేసరికి బ్రేకు రాయిలా అయిపోతుంది అత్తా, నాకు భయమేస్తోంది" అంటుంది. దాని భయానికి నేను పెట్రోలు పోయించాలి!

తల్లి లేని పిల్ల, కారు నడపడం వచ్చు, నీకు తోడుంటుందని పంపావు. నిజమే, ఉంది. నేనొకటంటే అదొకటంటుంది, మా ఇద్దరికీ మూడోవాడు కావాలి తీర్పు చెప్పడానికి. నువ్వు ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసినవాడివి. నీ చదువు నా నెత్తి మీది కట్టెలమోపులోంచి వచ్చింది. ఆ చదువుతో ఒక్క మాట రాసి పంపు.

మీ అక్క


జనవరి 20

అక్కయ్యకి తమ్ముడు చేసే నమస్కారాలు.

నీ ఉత్తరం అందింది. నాకు కడుపుబ్బరం ఇంకా తగ్గలేదు. వైద్యుడు మార్చిన మందు పడలేదు, పాత మందు దొరకడం లేదు. నిద్ర అంతంత మాత్రం. మా వీధిలో అందరూ "మీ అమ్మాయి కారు నడుపుతుందటగా" అని అడుగుతుంటారు. నాకదొక్కటే సంతోషం. ఎండాకాలంలో నేను వచ్చినప్పుడు బస్సు స్టాండుకి కారు పంపితే అదే చాలు.

నువ్వు రాసిన విషయాలన్నీ క్షుణ్ణంగా పరిశీలించాను. అక్కా, నువ్వు అమాయకురాలివి. పెట్రోలు గాలిలో కలిసిపోదు. ఎవరినో ఎక్కించుకుని ఎక్కడికో తిరిగితేనే ఖర్చవుతుంది. వయసులో ఉన్న పిల్ల, చేతిలో బండి. ఇంతకంటే విడమర్చి రాయను.

ఇక వాలు మీద దొంగతనంగా ఇంజను వేసే సంగతి. దీనికి పరిష్కారం చాలా తేలిక. ఇంజను ఆపగానే తాళంచెవి బయటికి తీయించి నీ చేతికి ఇప్పించుకో. తాళమే లేకపోతే ఎలా వేస్తుంది? మా ఆఫీసులో సామాన్ల గది తాళాలు నా డ్రాయరులోనే ఉండేవి. నా హయాంలో పెన్సిలు ముక్క కూడా పోలేదు.

అమ్మాయీ, ఇది అత్తకి చదివి వినిపించేది నువ్వే కాబట్టి పై పేరా ఇంకోసారి నెమ్మదిగా చదువు.

ఇట్లు
నీ తమ్ముడు


ఫిబ్రవరి 1

ఒరే తమ్ముడూ,

నీ ఉత్తరం చదువుతూ చదువుతూ నీ కూతురు ఒకచోట ఆగింది. ఏమైందే అన్నాను. "ఏం లేదు, నాన్న అక్షరం అర్థం కాలేదు" అంది. నీ అక్షరాలు అచ్చుగుద్దినట్టుంటాయని నాకు తెలుసు. మళ్ళీ చదవమన్నాను. చదివింది. ఎవరినో ఎక్కించుకుని తిరుగుతోందన్న ముక్క.

నీకు బుద్ధుందా? నేను పెట్రోలు పోతోందన్నాను గానీ పిల్ల పోతోందన్నానా? పొద్దున అడితిలో కాటా దగ్గర కూర్చుంటుంది, సాయంత్రం నన్ను ఇంటికి చేరుస్తుంది. మధ్యలో దానికి తుమ్మడానికి తీరికుండదు, ఉంచను కూడా. నా కప్పు కింద ఉన్నదాన్ని నేను తిడతాను, ఇంకొకడు అంటే ఊరుకోను, కన్నవాడైనా సరే.

అయినా నీ మాట విన్నాక మనసులో పురుగు దొలిచింది. అబద్ధమాడను. నిన్న దాన్ని అడిగేశాను, ఎవడే వాడు అని. అది నవ్వింది. "కాటా దగ్గర కట్టెలు కొనే ముసలాళ్ళలో ఎవరు కావాలో చెప్పు అత్తా, రేపే ఎక్కించుకుంటా" అంది. దాని నోరు నా పోలికే. నీది కాదు.

తాళంచెవి సంగతి నాకు నచ్చింది. ఇంత చిన్న విషయం నాకెందుకు తట్టలేదా అనుకున్నాను. కానీ ఈ పిల్ల ఒప్పుకోవట్లేదు. తాళంచెవి పూర్తిగా బయటికి లాగేస్తే స్టీరింగు బిగుసుకుపోతుందట. చక్రం ఇటు తిరగదు, అటు తిరగదు అంటోంది. దొంగలు ఎత్తుకుపోకుండా అలా చేశారట. లోపల కూర్చున్నవాళ్ళనే ఎత్తుకుపోయేలా చేశారన్నమాట, ఇదేం తెలివి? ఇంజను వెయ్యనీకపోతే అలా చెప్పక ఇంకెలా చెప్తుంది అని నా అనుమానం.

"నాన్నకి రాయి అత్తా, నాన్న చదువుకున్నాడు, నాన్నకి తెలుస్తుంది" అని అదే అంటోంది. ఈ ముక్క రాసేటప్పుడు దాని ముఖం చూశాను. నువ్వు దాని పక్షానే రాస్తావని గట్టి నమ్మకం. నాకా నమ్మకం లేదు, నువ్వెప్పుడూ గొంతు పెద్దగా ఉన్నవాళ్ళ పక్షమే. అయినా అడుగుతున్నాను. బిగుసుకుంటుందా, బిగుసుకోదా? అవునంటే అవును, కాదంటే కాదు. కడుపుబ్బరం రాయకు.

మీ అక్క


ఫిబ్రవరి 8

అక్కయ్యకి నమస్కారాలు.

నీ ఉత్తరం నన్ను నొప్పించింది. అయినా పెద్దదానివి, అంటే పడాలి.

అడిగినదానికి సూటిగా సమాధానం. బిగుసుకోదు. బీరువా తాళంచెవి తీసి చేత్తో పట్టుకుంటే బీరువా తలుపులు బిగుసుకుపోతాయా? బండి నడిచేది చక్రాల మీద, తాళంచెవి మీద కాదు. నేను కారు నడపలేదు, నిజమే. కానీ ఆఫీసులో జీపుల ఫైలు నా బల్ల మీదుగానే వెళ్ళేది. ఇలాంటి సాకులు డ్రైవర్ల దగ్గర చాలా విన్నాను. పని ఎగ్గొట్టేవాడికి ప్రతి సామాన్లోనూ ఒక లోపం కనిపిస్తుంది.

అమ్మాయీ, ఇది నీకు. అత్త పుణ్యాన నేను చదువుకున్నాను, నా పుణ్యాన నువ్వు చదువుకున్నావు. రేపు ఆ అడితి ఎవరిదవుతుందో ఆలోచించే తెలివి నీకుందనుకుంటాను. అత్త తాళంచెవి ఇవ్వమంటే ఇవ్వు. మాట కాదన్న రోజున నా గడప తొక్కకు. ఇందులో రెండో మాట లేదు.

ఈ విషయం ఇంతటితో ముగిసినట్టే భావిస్తాను.

నీ తమ్ముడు


ఫిబ్రవరి 19

ఒరే తమ్ముడూ,

అక్షరాలు కోడి కెలికినట్టున్నాయని తిట్టుకోకు. అడితి గుమాస్తా రాస్తున్నాడు. ముందు పళ్ళు లేవు నాకు, నేను చెప్పేది సగం వాడికి అర్థం కావట్లేదు, మళ్ళీ మళ్ళీ చెప్తున్నాను. ఓపిగ్గా చదువు.

బండి ముందు భాగం మొత్తం లోపలికి పోయింది. దీపాలు రెండూ పగిలాయి. అద్దం పొడి పొడి. ఎడమవైపు తలుపు ఊడి రోడ్డు మీద పడుంటే ఎవడో దాన్ని కూడా పట్టుకుపోయాడు. మెకానిక్కు చూసి, ఇది బాగవుతుందో లేదో ఇప్పుడే చెప్పలేనన్నాడు.

పిల్ల బతికే ఉంది.

ఏం జరిగిందో చెప్తాను. అబద్ధం ఒక్కటి కూడా లేదు, కావాలంటే దాన్నే అడుగు. నీ ఉత్తరం వచ్చింది. అదే చదివింది, గడప తొక్కకు అన్న ముక్కతో సహా. చదివి మడిచి ఇచ్చింది. మర్నాడు పొద్దున ఇద్దరం బండెక్కాం. వాలు మొదట ఇంజను ఆపింది. నేను చెయ్యి చాపాను. "అత్తా, ఇప్పుడైనా వద్దని చెప్పు" అంది. "నేనేం అనేది, మీ నాన్న రాశాడుగా, నువ్వే చదివావుగా" అన్నాను. అది తాళంచెవి లాగి నా చేతిలో పెట్టింది. రెండో చేత్తో హ్యాండ్ బ్రేకు పట్టుకుంది. నెమ్మదిగానే పోనిచ్చింది. నీ కూతురు తొందరపడిందని ఎవడైనా అంటే వాడి నోట్లో మన్ను.

తిన్నగా ఉన్నంత దూరం బాగానే జారింది. ఇదిగో చూశావా ఏమీ కాలేదు అని నేను అంటూనే ఉన్నాను. మలుపు వచ్చింది. అది చక్రం తిప్పింది. టక్కుమంది. ఇక కదల్లేదు. రెండు చేతులా గుంజింది. కాలి బ్రేకు తొక్కితే రాయి. హ్యాండ్ బ్రేకు లాగితే బండి వెనక భాగం తోక ఊపినట్టు ఊగింది. ఎదురుగా రాతిగోడ. నేను తాళంచెవి మళ్ళీ దూర్చమని చాపాను. దూర్చే వేళా అది?

నాకు పళ్ళు పోయాయి, పక్కటెముకలు రెండు విరిగాయి. తాళంచెవి అరచేతిలోకి దిగబడితే ఆసుపత్రిలో కోసి తీశారు. దాని ఎడమ మోకాలు ముందున్న రేకుకీ సీటుకీ మధ్య నలిగింది. రేకు కోసి బయటికి తీసేదాకా అది అరవలేదు. నేను అరిచాను.

వచ్చి చూడు.

మీ అక్క


ఫిబ్రవరి 26

అక్కయ్యకి,

నీ ఉత్తరం చూసినప్పటి నుంచి నాకు ఒళ్ళు స్వాధీనంలో లేదు. రక్తపోటు బాగా పెరిగింది. ఇప్పుడు బస్సు ప్రయాణం పనికిరాదని వైద్యుడు గట్టిగా చెప్పాడు. లేకపోతే ఈపాటికి అక్కడ ఉండేవాణ్ణి.

ఒక్క విషయం మాత్రం స్పష్టం చెయ్యాలి. నేను రాసింది సలహా. దాన్ని అమలు చెయ్యడం, చెయ్యకపోవడం అక్కడున్నవాళ్ళ విచక్షణ. కొండ ఎంత ఏటవాలో, మలుపు ఎంత ఇరుకో నాకెవరూ రాయలేదు. అసలు ఇంజను ఆపే పద్ధతి పెట్టింది ఎవరు? చదువు లేనివాళ్ళ మొండితనం ఎక్కడికి తీసుకెళ్తుందో చూశావా? కోపంతో కాదు, బాధతో అంటున్నాను.

బీమా వాళ్ళు విచారణకి వస్తారు. తాళంచెవి ఎందుకు తీశారని తప్పకుండా అడుగుతారు. అప్పుడు నా ఉత్తరాల ప్రస్తావన తేవద్దు. నాకు పింఛను వస్తోంది. ఈ వయసులో ఎక్కడా పేరెక్కకూడదు. అమ్మాయికి కూడా చెప్పు.

మోకాలు ఎలా ఉందో తెలియజెయ్యి. పళ్ళు కట్టించుకో.

నీ తమ్ముడు


మార్చి 14

ఒరే పెద్దమనిషీ,

చదువు లేనివాళ్ళ మొండితనం అన్నావు. గుమాస్తా ఆ ముక్క చదవడానికి నీళ్ళు నమిలాడు. చదవరా, నాకు కొత్త కాదు అన్నాను.

ఇప్పుడు నా వాదన విను. నాకు చదువు రాదు. రానిదాన్ని కాబట్టే అడిగాను. బిగుసుకుంటుందా, బిగుసుకోదా అని నోరు తెరిచి అడిగాను. తెలియదు అని రాయడానికి నీకు ఎన్ని అక్షరాలు పడతాయి? గుమాస్తాని అడిగితే చాలా తక్కువే అన్నాడు. ఆ కాస్త రాయలేక బీరువా అని రాశావు, జీపుల ఫైలు అని రాశావు. నేను దుంగని చూసి కట్టెలెన్ని వస్తాయో చెప్తాను. తెలియని చెట్టయితే తెలియదంటాను. కొన్నవాడు నన్ను ఇప్పటిదాకా తిట్టలేదు. నువ్వు జీవితమంతా చూడనివాటి మీద సంతకాలు పెట్టి బతికావు, ఎవడికీ ఏమీ విరగలేదు, అదే నిజమనుకున్నావు.

ఇంజను ఆపించింది నేనే. కాదనను. దొంగతనంగానైనా సరే, తాళంచెవి బండిలో ఉన్నన్నాళ్ళూ ఆ పిల్ల నన్ను అడితికి చేర్చింది. దాన్ని బయటికి లాగించింది నీ కలం.

బీమా ఆయన ఆసుపత్రికి వచ్చాడు. సన్నటి మీసం, సంచిలో నాలుగు రంగుల కలాలు. మంచం పక్కన స్టూలేసుకుని "నడుస్తున్న బండిలోంచి తాళంచెవి ఎవరు తీశారు?" అని అడిగాడు. నేను నోరు తెరిచాను. నా నోట్లో పళ్ళు లేవు గానీ నీ పేరుంది. పిల్ల నాకంటే ముందు "నేనే తీశాను" అంది. "ఎందుకు తీశారమ్మా, డ్రైవింగు వచ్చినవాళ్ళు చేసే పనేనా?" అన్నాడు. "తెలివి తక్కువై" అంది. ఆయన రాసుకుని వెళ్ళిపోయాడు. బండికి దమ్మిడీ రాదు. నీ పింఛను చల్లగా ఉంది, హాయిగా పడుకో.

మోకాలు అడిగావుగా. వంగదు. పెద్ద డాక్టరు వచ్చి, కర్రలా ఉండిపోతుందమ్మా అని దాని ముందే చెప్పి, పక్క మంచానికి వెళ్ళిపోయాడు. ఎడమ కాలు. క్లచ్చు తొక్కే కాలు. అది కాసేపు పైకప్పు చూసింది. తర్వాత "నాన్న ఎప్పుడొస్తున్నాడు?" అంది. రక్తపోటట అన్నాను. "పోనీలే, తగ్గాక వస్తాడు" అంది. ఆ వార్డులో తలుపు కిర్రుమన్నప్పుడల్లా తల తిప్పి చూసేది. తర్వాత తర్వాత తల తిప్పడం మానేసింది. అదెప్పుడు మానేసిందో నేను సరిగ్గా చూశాను. నా మంచం దాని పక్కదే మరి.

రావాలనుంటే రా. లేదంటే మానెయ్. కానీ మళ్ళీ వైద్యుడి పేరు చెప్పకు.

మీ అక్క


ఏప్రిల్ 3

అక్కా,

నన్ను ఎన్నైనా అను. నీ కాళ్ళు పట్టుకుంటాను. నా కూతుర్ని నా దగ్గరికి పంపు.

దాని గది ఖాళీ చేయించాను. మంచం కిటికీ పక్కకి జరిపించాను, స్నానాలగదిలో పట్టుకోవడానికి గోడకి ఇనప కడ్డీ పెట్టించాను. గడప తొక్కవద్దని రాసింది కోపంలో రాసిన మాట, దాన్ని పట్టుకుని కూర్చోవద్దని చెప్పు. ఇంట్లో ఒక్కణ్ణే ఉన్నాను. అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగడం లేదు. వీధిలోవాళ్ళు "అమ్మాయి ఎలా ఉంది, కారెక్కించుకుని రాదా" అని అడుగుతున్నారు. ఏం చెప్పాలో తెలియక తలుపు వేసుకుంటున్నాను.

అక్కా, నువ్వు దాన్ని పనిమనిషిలా వాడుకున్నావు. కాలు పోయాక కూడా కాటా దగ్గర కూర్చోబెట్టావని విన్నాను. అది నీ దగ్గర సుఖపడదు. తండ్రిని నేను. నా మాటగా దానికి చదివి వినిపించు. అది వస్తుంది. నా కూతురు నాకు తెలుసు.

నీ తమ్ముడు


ఏప్రిల్ 15

తమ్ముడూ,

రాస్తున్నది నీ కూతురే. గుమాస్తాని పంపేశాను, వాడు నా మాటలకి మర్యాదలు తగిలిస్తున్నాడు.

నువ్వు విన్నది నిజం. కాటా దగ్గర కూర్చోబెట్టాను. కాలు చాపుకోవడానికి ఎత్తుపీట చేయించాను, అంతకంటే గారాబం చెయ్యలేదు. తప్పు తూస్తే తిడుతున్నాను, అది తిరిగి తిడుతోంది. నా కట్టుడుపళ్ళు ఊడి తక్కెట్లో పడితే వాటినీ తూచి ఎంతకిస్తావని అడిగింది. నేను సుఖపెట్టడం చేతగానిదాన్ని. నువ్వన్నది అక్షరాలా నిజం.

ఎర్రబండి పాత ఇనుముకి పోయింది. ఇప్పుడు ఇంకొకటి చూశాం. అదీ చిన్నదే. ఎడమ కాలితో పనిలేదట, గేర్లు దానంతటదే మార్చుకుంటుందట. ఆ కొట్టువాడు "కాస్త పెట్రోలు ఎక్కువ తాగుతుందమ్మా" అని నసిగాడు. తాగనీ అన్నాను. పిల్ల నన్ను వింతగా చూసింది. నిన్న వాలు మీద ఇంజనుతోనే దిగాం. మలుపు దగ్గర అది చక్రాన్ని రెండు చేతులా పట్టుకుంది. నేను తాళంచెవి వంకే చూశాను. ఇద్దరం ఒకరినొకరు చూసుకోలేదు.

నీ ఉత్తరం అదే చదివింది. గది, మంచం, ఇనప కడ్డీ, అన్నీ నెమ్మదిగా, ఎక్కడా ఆగకుండా చదివింది. "వెళ్తావా?" అన్నాను. వెళ్ళమన్నానే గానీ ఆపలేదు. నీ మెప్పు కోసం చెప్పట్లేదు, నిజంగానే అన్నాను. సంచి కూడా తీసి పెట్టాను.

అది ఉత్తరం మడిచి పక్కన పెట్టింది. తర్వాత అంది, "అత్త మూర్ఖత్వానికి అత్తకి పళ్ళూడాయి, పక్కటెముకలు విరిగాయి. నేను నోరు మూసుకుని తాళంచెవి ఇచ్చినందుకు నాకు కాలు పోయింది. నాన్నకేం విరిగింది?"

రాయనా నాన్నకి అంది. రాయి అన్నాను. రాసింది.

కాబట్టి తమ్ముడూ, నీకేం విరిగిందో ఉత్తరం రాయి. వచ్చాక అదే నాకు చదివి వినిపిస్తుంది.

మీ అక్క